ఆరువందల అడుగుల మధ్యధరా

“మనిషికి ఆరువందల చదరపు అడుగులు చాలు! అంతకు మించి ఉన్నదంతా అహంకారం!”

ఇలా ప్రకటించింది జ్ఞానప్రసూన. విన్నది ఆవిడ భర్త రాధాకృష్ణ. నిన్నటిదాకా నాలుగు బెడ్‌రూముల ఇంట్లో ఉంటూ ఐదోది లేదని కుమిలిపోయిన మనిషికి ఇంత హఠాత్తుగా జ్ఞానోదయమేమిటని అతను నోరు తెరిచాడు. మూసేలోగా పాసడీనాలో వందేళ్ళనాటి అపార్ట్‌మెంట్ కొనడం అయిపోయింది!

అది మెడిటరేనియన్ తరహా కట్టడం. పేరుకి మధ్యధరాయే గానీ, రిపేర్లు మొదలెట్టాక అందులో ఏదీ మధ్య ధరకి రాదని తేలింది. డిజైనర్ స్పందన అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. “అంకుల్, వాల్స్‌కి ఓన్లీ సున్నం. దెన్ వాల్స్ బ్రీత్ చేస్తాయి” అంది. గోడలు ఊపిరి పీల్చడం మొదలెట్టాక రాధాకృష్ణకి ఊపిరాడలేదు. గదుల మధ్య ఉన్న కమానుకి తల తగలకుండా వంగి నడవడం నేర్చుకున్నాడు. దాన్ని జ్ఞానప్రసూన వినయం అంది.

వంటగదికి పొగగొట్టం కావాలని అర్జీ పెడితే భవనం హెరిటేజ్ కమిటీ కొట్టిపారేసింది. బయటి గోడకు రంధ్రము చేయుట చారిత్రక స్వభావమునకు భంగకరమట! దాంతో పోపు బంద్. వాసన లేని నేరం కాబట్టి అన్నానికి మాత్రం అనుమతి దొరికింది.

“ఆంటీ, ఈ గాడ్స్ షెల్ఫ్ కొంచెం విజువల్ నాయిస్” అంది స్పందన ఒకరోజు.

మర్నాడే వీధి చివర సామాన్లు దాచుకునే స్టోరేజ్ యూనిట్ ఒకటి అద్దెకి తీసుకున్నారు. గ్రైండరూ, స్టీలు డబ్బాలూ, ఆవకాయ జాడీలూ, వాటి వెనకే వెంకటేశ్వరస్వామీ తరలివెళ్ళారు.

“దేవుణ్ణి గోడౌన్‌లో పెడతామా?” అన్నాడు రాధాకృష్ణ.

“గోడౌన్ ఏమిటండీ! క్లైమేట్ కంట్రోల్ ఉంది. మన బెడ్‌రూంలో అదీ లేదు!”

ఆదివారం స్నేహితుల్ని లంచ్‌కి పిలిచారు. ఆలివ్‌లూ, ఎండు రొట్టెముక్కలూ, మేకపాల చీజూ వడ్డించారు. అతిథులు తలా ఒక ఆలివ్ నమిలి, గింజని ఎక్కడ ఉమ్మాలో తెలియక కళ్ళతోనే మెచ్చుకున్నారు.

“ఎంత సింపుల్‌గా ఉంది వదినా!” అంది త్రివేణి. “మేమూ కాండోకి మారాక అన్నీ వదిలించుకున్నాం. ఊరగాయ జాడీ చూసి ఎన్నాళ్ళయిందో! మాది ఐదొందల యాభయ్యేలే.”

జ్ఞానప్రసూన మొహం యాభై అడుగుల మేర మాడిపోయింది.

అందరూ వెళ్ళాక, రాధాకృష్ణ కుక్కర్ గిన్నెని తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకున్నాడు. ఇద్దరూ యూనిట్‌కి నడిచారు. షట్టరెత్తి, స్వామికి దణ్ణం పెట్టి, ఆయన పక్కనున్న జాడీ దింపాడు. వేడి అన్నంలో ఆవకాయ కలుపుతుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం వల్ల కాదు.

అంతలో ఎదురు యూనిట్ షట్టర్ గరగరా పైకి లేచింది. లోపల చాప మీద త్రివేణి, ఎడంచేత్తో షట్టర్ పట్టుకుని ఆవిడ భర్త ఫణి. చాప మధ్యలో గోంగూర! ఇద్దరి కుడిచేతులకీ ముద్ద అంటుకునే ఉంది.

ఫణి కుడిచేతిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

“గాలాడట్లేదని తీశానండీ” అని గొణిగాడు ఫణి.

“మావారి ఆఫీస్ ఫైల్స్ కోసం వచ్చాం” అంది జ్ఞానప్రసూన, మూతి మీది నూనె తుడుచుకుంటూ.

“మేమూ ఫైల్స్‌కే” అంది త్రివేణి. ఇంకేమీ దాచడానికి లేదని తెలిశాక ఆవిడకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. లేచి వచ్చి, వీళ్ళ యూనిట్‌ని ఈ మూలనుంచి ఆ మూలకి పారజూసింది.

“టెన్ బై టెన్ ఏనా వదినా? అయ్యో! మాది టెన్ బై ట్వెంటీ. పాపం, ఇంత ఇరుకులో ఎలా సర్దుకుంటున్నారండీ?”

జ్ఞానప్రసూన భర్త వైపు తిరిగింది. అతని ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

“ఏవండీ, తర్వాత తినొచ్చు. ముందు ఈ స్టోరేజ్ వాళ్ళ ఆఫీస్‌కెళ్ళి, ట్వెంటీ బై ట్వెంటీ ఏదైనా ఖాళీ ఉందేమో కనుక్కోండి!”