ఎలుగుబంటి చెప్పిన ధరల పాఠం

ఒక పెద్ద అడవిలో ప్రభుత్వం వాగు మీద వంతెన కట్టించాలనుకుంది. కాంట్రాక్టరు ఎలుగుబంటి భల్లూకరావు చెప్పిన ధర విని మృగరాజుకు జూలు నిక్కబొడుచుకుంది.

"ఇది ఎక్కువో తక్కువో చెప్పగలవాళ్లే మన కొలువులో లేరా?" అన్నాడు.

ఎవరూ లేరు. వెంటనే ధరల నిపుణులు కావాలని దండోరా వేయించారు. ముంగిస నాగమణికి ఉద్యోగం వచ్చింది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. వంతెన లేక, వాగు అవతలి పుట్టింటి ముఖం చూసి చాలా కాలమైంది మరి.

ఇక శిక్షణ ఎవరివ్వాలి? దుంగల ధరలు, కూలీల రేట్లు తెలిసినవాడు అడవి మొత్తానికి భల్లూకరావు ఒక్కడే. ఆ శిక్షణ కాంట్రాక్టూ ఆయనకే ఇచ్చారు.

భల్లూకరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా ధరలు తనిఖీ చేసేవాళ్లకు నేనే గురువునా! నేను చెప్పిందే న్యాయమైన ధర అని నూరిపోస్తాను."

పాఠాలు మొదలయ్యాయి.

"చూడమ్మా నాగమణీ, దుంగ అసలు ధరకి వాన భయం కలపాలి."

"ఎండాకాలమైతేనో సార్?"

"ఎండ భయం కలపాలి. ఆపైన నా అనుభవం కలపాలి."

"అది దుంగలో ఎక్కడుంటుంది సార్?"

"దుంగలో కాదమ్మా, ధరలో ఉంటుంది!"

మొదట్లో నాగమణి పాపం నమ్మింది. వినగా వినగా నవ్వాపుకోవడం కష్టమైంది. ఏమేం కలుపుతారో తెలిశాక తీసేయడం ఎంతసేపు?

శిక్షణ పూర్తికాగానే భల్లూకరావు బిల్లు పెట్టాడు: పెద్ద తొర్ర నిండా తేనె.

"ఇదే నీ మొదటి పని," అని మృగరాజు దాన్ని నాగమణికే అప్పగించాడు.

ఆమె వాన భయం తీసేసింది. పాఠాలు గుహలో జరిగాయి కాబట్టి ఎండ భయమూ తీసేసింది. అనుభవం కోసం కాసేపు వెతికి, కనిపించక అదీ తీసేసింది. చివరికి దొప్పెడు తేనె మిగిలింది.

"అన్యాయం! ఈ దిక్కుమాలిన లెక్క నీకెవరు నేర్పారు?" అని భల్లూకరావు గంతులేశాడు.

"మీరే సార్," అంటూ నాగమణి వంగి దణ్ణం పెట్టింది.

మృగరాజు నవ్వుకి గుహ దద్దరిల్లింది. వంతెన ధరా అదే దారిలో కిందికి దిగింది. వానలు పడేలోపే నాగమణి కొత్త వంతెన మీదుగా పుట్టింటికి వెళ్లొచ్చింది.

భల్లూకరావు మాత్రం దొప్ప నాకుతూ, దారినపోయే వాళ్లతో "ఆ పిల్ల నా శిష్యురాలే" అని గొప్పలు పోతున్నాడు.

నీతి: శిష్యులు తెలివైనవాళ్లయితే, ఫీజు ముందే తీసుకోండి.