అత్తగారి గదిలో నలుపు తెలుపు

ఆ పొద్దున కోడలి పథకం చాలా చిన్నది. ఆపరేషన్ అయిన అత్తగారి కంటికట్టు విప్పాలి. విప్పగానే ఆవిడకు ఏదైనా చక్కనిది కనిపించాలి. చూపు మసకబారుతున్నా తడుముకుంటూనే ఇద్దరు మనవల్ని పెంచి పెట్టిన మనిషి ఆవిడ. ఆ సాయమే లేకపోతే కోడలి ఉద్యోగం ఎప్పుడో ఊడేది. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక, ఆవిడ ఆసుపత్రిలో ఉండగా గదిని ముస్తాబు చేసింది. పాత ఫొటోలు భద్రపరిచే ఆఫీసు నుంచి పల్లెటూరి బంగళాలు, కొండలు, చెరువుగట్లు ప్రింట్లు వేయించి, కిటికీ అంతేసి పటాలు కట్టించింది. నలుపు తెలుపు ఫొటోల పక్కన రంగులుంటే ఎబ్బెట్టని పటాలవాడు చెబితే గోడలకు తెల్లసున్నం కొట్టించి, మంచానికి తెల్లదుప్పటి వేసి, మంచాన్ని కూడా అటుది ఇటు తిప్పింది.

తీరా చూస్తే కంట్లో వేసే చుక్కల మందు నిండుకుంది. "ఇప్పుడే వస్తా అత్తయ్యా, కట్టు ముట్టుకోకండి," అని మందుల షాపుకు పరిగెత్తింది.

ముట్టుకోవద్దంటే ఆగే మనిషా ఆవిడ? విప్పేసింది. ఎదురుగా కిటికీ ఉందనుకుంది. కిటికీ అవతల బూడిదరంగు బంగళా, బూడిదరంగు చెట్లు, పైన బూడిదరంగు ఆకాశం.

"ఒరేయ్! నా కొంప మునిగిందిరా! రంగులన్నీ పోయాయి!"

ఆఫీసుకు తయారవుతున్న కొడుకు తెల్లచొక్కా, నల్లప్యాంటుతో ఊడిపడ్డాడు. "నన్ను చూడమ్మా, ఎలా ఉన్నాను?"

"నువ్వూ అంతేరా నాయనా, నలుపూ తెలుపూ! మొహం కూడా పాలిపోయింది!"

"అది భయంతోనమ్మా!"

డాక్టరుకు ఫోన్ చేస్తే, ఉన్నపళంగా తీసుకురమ్మన్నాడు. కారున్నది పక్కింటి లాయరుకు. కోర్టుకు బయల్దేరబోతున్న ఆయన, కొడుకు కేక వినగానే నల్లకోటుతోనే పరిగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మగారూ, నేనున్నాను, భయపడకండి!"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి గొల్లుమంది. "ఈయన మరీ నలుపురా దేవుడా!"

ఇద్దరూ కలిసి ఆవిడను కుర్చీతో సహా ఎత్తి గుమ్మందాకా తెచ్చారు. సరిగ్గా అప్పుడే కోడలు రొప్పుతూ ఎదురొచ్చింది. ఒంటిమీద ఎర్ర స్వెట్టర్.

"ఎరుపు!" అని అరిచింది అత్తగారు. "దించండి నన్ను! ఎరుపు కనిపిస్తోంది!"

సంగతి తెలిసేసరికి కోడలికి ఏడుపు ఆగలేదు. "అవి కిటికీలు కావత్తయ్యా, పటాలు. మీకోసమే పెట్టించాను. ఆపరేషన్ చేయించుకోమని పోరిందాన్ని నేనే కదా, నావల్ల మీ కన్ను పోయిందేమోనని..."

"ఊరుకోవే పిచ్చిదానా." అత్తగారు కోడలి చెంపలు రెండూ పట్టుకుని తనివితీరా చూసింది. "పెళ్ళయినప్పటి నుంచీ నీ గొంతు వినడమే గానీ, నీ మొహం సరిగ్గా చూసిందెక్కడ? ఎంత చక్కగా ఉన్నావే! నీ పుణ్యమా అని ఈ కన్ను వచ్చింది తల్లీ."

లాయరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ కొత్తకంటికి మొదట కనిపించిన నిజమైన రంగు కోడలిది. రెండోది, కోడలు దులపడం మరిచిన తలుపు వెనక బూజుది.