ఫ్రెంచిలో ఫస్ట్

“ఈ నగరం ఇంతవరకూ ఇంగ్లీషులోనే ఫస్టు. వచ్చే వారం నుంచి ఫ్రెంచిలో కూడా ఫస్టు!”

నగరాభివృద్ధి ఆఫీసు డైరెక్టరు బల్ల గుద్ది ప్రకటించాడు. టీ కప్పులు ఎగిరిపడ్డాయి. సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్క మనిషి తప్ప. అతని చేతులు అప్పుడు కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వదిలితే కింద పడతానేమోనని భయం!

ఆఫీసులో అతన్ని అందరూ పారిస్ గారు అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట ఇంకేదో దేశానికి ఆఫీసు పని మీద వెళ్తూ అతను పారిస్‌లో విమానం మారాడు. పొగమంచు వల్ల రెండో విమానం ఆలస్యమైంది. ఆ పూటంతా విమానాశ్రయంలో మరుగుదొడ్ల పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పటికి మెడలో ఒక పట్టు రుమాలు, నోట్లో “మెర్సీ” అనే ఫ్రెంచి థాంక్సు ఉన్నాయి. ఎండాకాలంలో కూడా రుమాలు తియ్యలేదు. టీ తెచ్చిన బంట్రోతుకి కూడా “మెర్సీ” చెప్పడం మానలేదు. ఆ రుమాలే పెరిగి పెద్దదై విదేశీ సంబంధాల అధికారి కుర్చీ అయింది. కుర్చీ కోసం పెట్టుకున్న దరఖాస్తులో ‘ఫ్రెంచి: అనర్గళం’ అని రాశాడు. అబద్ధమని తేలితే ఉద్యోగం ఊడుతుందని అదే కాగితం అడుగున అచ్చేసి ఉంది. అప్పట్లో అతను అడుగుదాకా చదవలేదు.

“పారిస్ గారూ, ఫ్రెంచి మాట్లాడే నగరాల సమాఖ్య అధ్యక్షుడు మన కొత్త భవనం ప్రారంభించడానికి వస్తున్నాడు. ‘అన్నిటా ఫస్ట్’ మన పథకం. అందుకే ప్రతి బోర్డు మీదా ఫస్టు అన్న మాట పెట్టించాను. ఫస్ట్ ఎయిడ్, ఫస్ట్ ఫ్లోర్, సేఫ్టీ ఫస్ట్... అన్నీ ఫ్రెంచిలోకి మార్చెయ్యండి. మీకెంత? చిటికెలో పని!” అన్నాడు డైరెక్టరు.

“మెర్సీ” అన్నాడు పారిస్ గారు. అది కృతజ్ఞతో ఆర్తనాదమో ఎవరికీ అర్థం కాలేదు.

ఇంటికెళ్ళి చొక్కా విప్పకుండానే భార్య ముందు కూలబడ్డాడు. ఈ భూమ్మీద అతని ఫ్రెంచి లోతు తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

“రాదని చెప్పెయ్యండి” అంది ఆవిడ బట్టలు మడతపెడుతూ.

“ఇన్నేళ్ళూ వచ్చి, ఇప్పుడు హఠాత్తుగా రాకుండా ఎలా పోతుందే?”

“జ్వరమొచ్చి మర్చిపోయానని చెప్పండి.”

“నీకు వెటకారంగా ఉంది. అవతల నా ఉద్యోగం పోయేలా ఉంది!”

“వెటకారం కాదండీ. పెళ్ళిచూపుల్లో మీకు వీణ వచ్చని చెప్పారు మీవాళ్ళు. ఇన్నేళ్ళయింది, నేనేమైనా వాయించమన్నానా? అడగని వాళ్ళ దగ్గర ఏ విద్యయినా చెల్లుతుంది. ఇప్పుడు అడిగేవాడు వస్తున్నాడు. అదీ మీ చిక్కు.”

మర్నాడు పాత పుస్తకాల దుకాణంలో ఒక జేబు నిఘంటువు కొన్నాడు. దాన్ని ఆఫీసు ఫైలు మధ్యలో పెట్టుకుని, గది తలుపు గడియ పెట్టి, బాంబు విప్పేవాడిలా చెమటలు కక్కుతూ ఒక్కో బోర్డూ విప్పడం మొదలుపెట్టాడు.

మొదట్లో సాఫీగానే సాగింది. ఫస్ట్ అంటే ‘ప్రెమియే’. ఫస్ట్ ఫ్లోర్‌కి ‘ప్రెమియే’ ఉంది. ఫస్ట్ ఎయిడ్‌కీ ఉంది. హమ్మయ్య! ఆ తర్వాతే కథ అడ్డం తిరిగింది. నుడికారాల దగ్గరికొచ్చేసరికి ఫ్రెంచివాళ్ళు ఫస్టుని నిర్దాక్షిణ్యంగా ఎగ్గొట్టేశారు. ‘సేఫ్టీ ఫస్ట్’లో వాళ్ళకి ప్రెమియే లేదు, ‘అన్నిటికంటే ముందు భద్రత’ అంటారట. ‘ఫస్ట్ థింగ్స్ ఫస్ట్’లో ఇంగ్లీషువాడు రెండు ఫస్టులు పెడితే, ఫ్రెంచివాడు ఒక్కటి కూడా పెట్టకుండా ‘ప్రతి పనీ దాని వేళకి’ అని ఊరుకున్నాడు. స్వాగత ద్వారం దగ్గర ‘మా నగరంతో తొలిచూపులోనే ప్రేమ’ అని బోర్డు ఉంది. దానికి నిఘంటువులో ఉన్న మాటకి విడదీసి అర్థం చూస్తే ‘పిడుగుపాటు’!

పారిస్ గారు కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. పిడుగే. సరే, పిడుగే రాశాడు, అన్నిటికీ రాసినట్టే పక్కన తెలుగు అర్థంతో సహా. ఉన్నదున్నట్టు దించడం తప్ప అతనికి వేరే దారి లేదు. ఆ కారణంగానే, అతనికి తెలియకుండానే, ఆ అనువాదం చక్కగా కుదిరింది.

చక్కగా ఉన్నది ఆ ఆఫీసులో అలాగే బయటికి పోవడం ఎప్పుడూ జరగలేదు.

అక్కడొక ఆచారం ఉంది. ఏ కాగితమైనా ఒక అధికారి బల్ల మీదికి వస్తే, ఒక్క దిద్దుబాటైనా పెట్టకుండా కదలనివ్వడు. దిద్దకుండా సంతకం పెడితే చదవలేదనుకుంటారు! కింది అధికారి కామా తీసేస్తే పై అధికారి మళ్ళీ పెడతాడు. ఇద్దరూ చదివినట్టు లెక్క. ఒకసారి సంతాప తీర్మానంలో కూడా ‘మరణం’ కొట్టేసి ‘తాత్కాలిక మరణం’ అని దిద్దారు. దిద్దినవాడికి ఆ ఏడాదే పదోన్నతి వచ్చింది.

ఆ ఆచారం ప్రకారం ఫ్రెంచి బోర్డుల మీద సమీక్షా సంఘం కూర్చుంది. ముందుగా ప్రచార విభాగం మేడమ్ కళ్ళజోడు సవరించుకుంది. కాలేజీలో ఆవిడ ఫ్రెంచి చదివింది. చదివిన మాట నిజమే, వచ్చిన మాటే అబద్ధం.

“ఇదిగో, ఫస్ట్ ఎయిడ్ దగ్గర మాట చివర్లో ఇన్ని అక్షరాలేమిటి? ఫ్రెంచిలో చివరి అక్షరాలు పలకరు కదా, పారిస్ గారూ?”

“పలకరు మేడమ్” అన్నాడతను. పలుకుతారో లేదో దేవుడికెరుక.

ఇంజనీరు వెంటనే అందుకున్నాడు. “పలకని అక్షరానికి రంగు దండగ! కొట్టెయ్యండి. ఇంకో సంగతి. ఆ బోర్డు మీద ఎర్ర గుర్తు ఎందుకు? బొమ్మలు చదువురానివాళ్ళ కోసం. ఫ్రెంచిలో రాశాక కూడా బొమ్మ పెడితే అధ్యక్షుడికి చదువు రాదన్నట్టుండదూ?”

ఎర్ర గుర్తు పోయింది. అన్ని తలుపులూ ఒకేలా ఉంటే హుందాగా ఉంటుందని గది నంబర్లు కూడా పోయాయి.

“మరి ఈ పిడుగేమిటి?” అని ఇంజనీరు గుండెలు బాదుకున్నాడు. “కొత్త భవనం గుమ్మంలో పిడుగు పడుతుందని బోర్డు పెడతారా? పిడుగు ఆపే తీగ ఇంకా బిగించనే లేదు!”

పిడుగు కూడా పోయింది. దాని చోట ప్రెమియే వచ్చింది.

ఇక డైరెక్టరు వంతు. అతను కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా చూశాడు, తల పక్కకి వాల్చి “హ్మ్” అన్నాడు.

“ఈ ‘ప్రతి పనీ దాని వేళకి’ ఏమిటి? వేళకి పనిచేస్తామని గోడ మీద రాస్తే రేపు జనం వచ్చి అడగరూ? తీసెయ్యండి. ‘ముందొచ్చిన వారికే ముందు’ బోర్డు కూడా కుదరదు. నేనెప్పుడూ ఆలస్యంగానే వస్తాను, అంటే నాకు చివర్నా? అసలు మీరు చాలాచోట్ల ఫస్టు ఎగ్గొట్టారు. ఫస్టు లేకుండా ఫస్టేమిటండీ! అన్నిటి మొదట్లో ప్రెమియే పెట్టండి. ఇంకా... అక్షరాల నెత్తిన చుక్కలు తక్కువయ్యాయి. ఫ్రెంచి కళ రాలేదు.”

నిఘంటువులో ఉన్నదే నేను రాశానని పారిస్ గారు అరిచి చెప్పాలనుకున్నాడు. చెబితే నిఘంటువు ఎందుకు చూశావంటారు. అనర్గళంగా వచ్చినవాడికి నిఘంటువుతో పనేమిటి? “మెర్సీ” అని కాగితం మడిచి పెయింటరుకిచ్చాడు. పెయింటరు చుక్కలన్నీ సమానంగా సర్ది పెట్టాడు.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. సిబ్బంది పొద్దున్నే సామాన్లతో కొత్త భవనంలోకి దిగారు. భార్యల్ని కూడా రమ్మన్నారు కనుక పారిస్ గారి భార్య మెట్ల ముందు వేసిన కుర్చీల్లో మూడో వరసలో కూర్చుంది. పొడుగాటి నడవాలో అటూ ఇటూ ఒకేలాంటి తలుపులు. ప్రతి తలుపు మీదా ప్రెమియే, దాని పక్కన తోకలు తెగిన మాటలు, వాటి నెత్తిన చుక్కలు.

అధ్యక్షుడు కారు దిగాడు. నెరిసిన మీసం, చేతికర్ర, గంభీరమైన చూపు. పారిస్ గారి గుండె నోట్లోకొచ్చింది.

“బోంజూర్!” అన్నాడు, నోట్లో ఉన్న గుండెని పక్కకి నెట్టి.

“బోంజూర్!” అన్నాడు అధ్యక్షుడు. మరుక్షణమే ఇంగ్లీషులోకి దిగాడు. “మనిద్దరం ఫ్రెంచిలో మాట్లాడుకుంటే మిగతావాళ్ళకి అర్థం కాదు, మర్యాద కాదు. ఏమంటారు?”

ఎంత సంస్కారం! పారిస్ గారి కళ్ళు చెమర్చాయి.

ఆ ఆనందం మెట్ల దాకా కూడా నిలవలేదు. అక్కడ ‘సేఫ్టీ ఫస్ట్’ బోర్డుని ఇంజనీరు అందరికీ కనబడాలని బాగా కిందికి వేలాడదీయించాడు. అధ్యక్షుడు తలెత్తి మెట్టెక్కాడు. ఠంగుమంది! భద్రత బోర్డు అంచు నేరుగా నుదుటికి తగిలింది. రక్తం!

“ఫస్ట్ ఎయిడ్! ఫస్ట్ ఎయిడ్ గది ఎక్కడ?” అని డైరెక్టరు కేక పెట్టాడు.

అందరూ నడవాలోకి చూశారు. ఎవరూ కదల్లేదు. ఏ తలుపో తెలియదన్నవాడు బోర్డు చదవలేనట్టే కదా! పైగా అందరూ ఆ బోర్డుల్ని దిద్దినవాళ్ళే. మేడమ్ ఎడమవైపు చూపించింది. డైరెక్టరు కుడివైపు చూపించాడు. ఇద్దరి చూపుల్లోనూ ఎంతో నమ్మకం ఉంది.

“ఇంజనీరు గారూ, కట్టింది మీరే కదా!” అంది మేడమ్.

“కట్టినప్పుడు అన్నీ ఉట్టి గదులే మేడమ్. పేర్లు పెట్టింది పారిస్ గారు.”

చూపులన్నీ ఒక్కసారి అతని మీదికి తిరిగాయి. మూడో వరసలోంచి భార్య కూడా చూస్తోంది. ఆ చూపులో వీణ ఉంది.

“సిల్ వు ప్లే” అని దయచేయమంటూ పారిస్ గారు అధ్యక్షుడి చెయ్యి పట్టుకుని నడవాలోకి నడిచాడు. ఆ రోజు నిఘంటువులో చూసిన మాటల్లో ఒక్కటి కూడా ఇప్పుడు గోడ మీద లేదు. మిగిలింది ఒక్కటే భయం. ఈయనకి ఫ్రెంచి వచ్చు. చదువుతాడు, చదివి పగలబడి నవ్వుతాడు, ‘ఈ చెత్త రాసిన మొనగాడెవడు?’ అంటాడు. ఉద్యోగం సరి!

అధ్యక్షుడు ఒక తలుపు ముందు ఆగాడు. నుదుటి మీది చెయ్యి తీసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. బోర్డుని దూరం నుంచి చూశాడు, దగ్గర నుంచి చూశాడు, తల పక్కకి వాల్చి “హ్మ్” అన్నాడు. తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు.

పారిస్ గారు వెనకే వెళ్ళాడు. లోపల చీపుళ్ళున్నాయి, బకెట్లున్నాయి, ఫినాయిలు డబ్బాలున్నాయి. వాటి మధ్య రక్తం కారుతున్న సమాఖ్య అధ్యక్షుడు కదలకుండా నిలబడి ఉన్నాడు.

తలుపు దానంతటదే మూసుకుంది.

ఆ “హ్మ్”ని పారిస్ గారు ఎక్కడో విన్నాడు. ఎక్కడో ఏమిటి, ఇరవయ్యేళ్ళుగా ఆఫీసులో రోజూ వింటున్నాడు! అతను మెల్లగా మెడలోని రుమాలు విప్పి ముసలాయన నుదుటికి చుట్టసాగాడు.

“మంచి పట్టు” అన్నాడు అధ్యక్షుడు ఇంగ్లీషులో. “పారిస్‌లో కొన్నారా?”

“అది ఉతుకులో చిరిగిపోయిందండీ. ఇది మా బస్టాండు పక్కన కొన్నాను.”

అధ్యక్షుడు తలుపు సరిగ్గా మూసుకుందో లేదో చూశాడు.

“మా ఊళ్ళో ఫ్రెంచి వచ్చినవాళ్ళు లేకపోలేదు” అన్నాడు అధ్యక్షుడు గొంతు తగ్గించి. “వాళ్ళకి సీనియారిటీ లేదు.”

“నేను పారిస్‌లో ఒక పూట ఉన్నానండీ. విమానాశ్రయంలో.”

“నయం. నేను అది కూడా లేను.” ఆయన కట్టు తడిమి చూసుకున్నాడు. “ఇంతకీ ఈ బోర్డులు బాగున్నాయా?”

“మొదట బాగానే ఉన్నాయండీ. తర్వాత మావాళ్ళు దిద్దారు.”

“దిద్దరూ మరి!” అన్నాడు అధ్యక్షుడు తన ఇంటి సంగతి విన్నట్టు. “పదండి.”

తలుపు తెరుచుకుంది. డైరెక్టరు, మేడమ్, ఇంజనీరు వరసగా నిలబడి ఉన్నారు. కెమెరాలు పైకి లేచాయి. నుదుటికి పట్టు రుమాలు కట్టుకున్న అధ్యక్షుడు మెరిసిపోతూ బయటికొచ్చాడు.

“ఎంత చక్కటి ప్రథమ చికిత్స గది!” అన్నాడు ఆయన. “ఇంత స్వచ్ఛమైన ఫ్రెంచి నేను ఫ్రాన్సులో కూడా చూడలేదు. మా సమాఖ్య నగరాలన్నిటిలో ఇవే బోర్డులు పెట్టిస్తాను. వీటిని రాసిన పారిస్ గారు వచ్చి మావాళ్ళకి నాలుగు ముక్కలు నేర్పాలి!”

చప్పట్లు మోగిపోయాయి. పారిస్ గారికి ఈసారి మెర్సీ కూడా రాలేదు. పక్కకొచ్చిన భార్య అతని బోసి మెడ వంక చూసి చెవిలో అంది. “మీరు ఆ పట్నాలన్నీ తిరిగొచ్చేలోగా వీణ నేర్చుకోండి. ఈసారి అడుగుతాను.”

చప్పట్లు ఆగాయి. డైరెక్టరు ప్రారంభోత్సవ ఫలకం మీద సంతకానికి కలం చాచాడు. అధ్యక్షుడు కలం అందుకున్నాడు గానీ ఫలకం వైపు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి చీపుళ్ళ గది తలుపు మీది బోర్డు ముందు నిలబడ్డాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. తల పక్కకి వాల్చాడు. అక్షరాల నెత్తిన ఖాళీగా మిగిలిన ఒకే ఒక్క చోట ఇంకో చుక్క పెట్టాడు.

అప్పుడు పెట్టాడు సంతకం.

డైరెక్టరు పారిస్ గారి చెవి దగ్గరికి వంగాడు. “చూశారా? నేను ఆ రోజే చెప్పానా, చుక్కలు తక్కువయ్యాయని!”