స్వర్ణపత్రధారి నడిమిసీటు సాధించుట

వెలుగురేడు తూర్పుకొండ వెనుక తన రథమునకు గుర్రములను పూన్చి, బయలుదేరుటకు పైవారి అనుమతికై వేచియున్న వేళ. భూమండలమునందలి సకల బద్ధకస్తులును దుప్పటి ముసుగుదన్ని గుఱ్ఱుపెట్టు వేళ. చక్రపేటికా ఘడఘడారావములతోడను, ఆలస్యప్రకటనా గంభీరఘోషములతోడను, బెల్టులు విప్పి చేతులు పైకెత్తి నిలిచిన అమాయక ప్రజానీకముతోడను అట్టుడికిపోవుచున్న విమానాశ్రయ మహామండపమున, గాజుతలుపులు తమంత తామే విచ్చుకొనగా, ఒకానొక మహావీరుడు ప్రవేశించెను. వాని పరాక్రమమును వర్ణించుటకు నాకు నోరు ఒక్కటియే యున్నందులకు మన్నింతురుగాక.

అతడు లిఫ్టుల తనిఖీదారు. ఊరూరా తిరిగి, ఆకాశహర్మ్యములలో పైకిని క్రిందికిని పోవు పెట్టెలను పరీక్షించి, తాళ్లు లాగి చూచి, తలుపులు తట్టి చూచి, “భయం లేదు, ఎక్కండి” అని జనులకు అభయమిచ్చుట అతని వృత్తి. ఏడాది పొడవునా ఆకాశముననే కాపురముండు ఆ బావగారికి మరదళ్లు ‘గాలి బావ’ అని బిరుదు ప్రసాదించిరి. అందులో గాలిలో తిరుగువాడను గౌరవమెంతయో, గాలికి తిరుగువాడను ఎత్తిపొడుపెంతయో అతడెన్నడును తర్కింపలేదు.

అతని చొక్కాజేబులో, గుండెకు అంగుళము దూరమున, స్వర్ణపత్రము ధగధగలాడుచుండెను. నిత్యప్రయాణికులకు విమానసంస్థవారు దయచేయు గోల్డు కార్డది. దానికై అతడు చేసిన తపస్సు సామాన్యమా? తిన్నగా పోవు విమానమును కాలదన్ని, మైళ్లు పెరుగునని రెండు విమానములు మారి, ముక్కెక్కడంటే తల చుట్టూ చేయి త్రిప్పి చూపినట్లు ప్రయాణించెను. ఇనుపకుర్చీలపై మెడ వాల్చి నిదురించెను. తుదకు భార్య కళ్లద్దాల కొట్టు తెరచిన శుభదినమున సైతము, “ఈ ఒక్క ట్రిప్పూ వేస్తే గోల్డు వచ్చేస్తుందే” అని ఫోనులో పలికి మేఘములలో మాయమయ్యెను.

ఆ భార్యయే నేడు అతని వెంట నడచుచుండెను. ఎదుటివారి ముఖము చూచిన మాత్రముననే కంటి నెంబరును, మాట విన్న మాత్రముననే మనసులోని నెంబరును పసిగట్టగల సూక్ష్మదృష్టి ఆమెది. సముద్రపుటొడ్డున నాలుగు దినములు విశ్రమింపవలెనని ఇరువురును కలిసి విమానమెక్కుట ఇదియే ప్రథమము.

“నాకు కిటికీ పక్క సీటు కావాలి,” అనెను ఆమె.

“గోల్డు మెంబరు పెళ్లానివి నువ్వు! కిటికీ ఏంటి, అడిగితే రెక్క మీద కుర్చీ వేస్తారు,” అని వీరుడు మీసము లేని పెదవిపై మీసము దువ్వెను.

కౌంటరు వెనుక నున్న యువతి, మీటలపై వ్రేళ్లను నర్తింపజేసి, తెరపై నేమి చూచెనో, ముఖమును చాటంత చేసికొనెను.

“కంగ్రాట్యులేషన్స్ సార్! మీరు గోల్డు కదా, సిస్టమే మిమ్మల్ని ముందు వరుసలోకి మార్చేసింది.”

“మరి మా ఆవిడని?”

“మేడమ్‌గారిది... చివరి వరుస సార్. మధ్య సీటు.”

హా! ఏ పత్రమును కవచమని ధరించెనో, ఆ పత్రమే కత్తియై కాపురమును రెండు ముక్కలు చేసెగదా! పిడుగుపడిన తాడివలె వీరుడు నిలువునా నిలిచిపోయెను. అప్పుడు భార్య మిక్కిలి శాంతముగా పలికెను.

“పర్లేదు, మీరు ముందు కూర్చోండి. నాకేం, అలవాటేగా.”

శ్రోతలారా, ‘పర్లేదు’ కంటె పదునైన ఆయుధము ఏ కొలిమిలోను కాగలేదు. ‘అలవాటేగా’ అనునది ఆ ఆయుధమునకు పూసిన విషము. ఆ దెబ్బకు వీరుని కనులు ఎఱ్ఱవారెను. బొమలు ముడివడెను. అతని మనోమండపమున ఇట్లు సింహనాదము వెలువడెను: “ఓరీ సిస్టమూ! ముఖము లేని మాయావీ! కొట్టు తెరచిన నాడు నేను లేను, నిజము; నేడు కూడ లేకుండ జేయుదువా? నీ ముందువరుసను మూడు లోకములు మెచ్చినను నేను మెచ్చను. చివరి వరుసయే నాకు సింహాసనము, నడిమిసీటే నాకు స్వర్గము. కాచుకొమ్ము!” ఇంతటి నాదము గొంతు దాటి వచ్చుసరికి ఇట్లు వినబడెను:

“అమ్మా, నన్ను కాస్త వెనక్కి మార్చవా?”

“ముందుకి మార్చే ఆప్షనే ఉంది సార్. వెనక్కి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.”

పిమ్మట ద్వారముకడ “గోల్డు సభ్యులు ముందుగా రావలెను” అని పిలుపు మ్రోగెను. భార్యను వరుసలో విడిచి, వీరుడు ఒంటరిగా విమానగర్భమును చొచ్చెను. ఆహా, ఆ ముందువరుస! మంచమంత వెడల్పు, మబ్బంత మెత్తన, గాజుగ్లాసున చల్లని నీరు. మానవమాత్రుడు గావున ఒక్క క్షణము కూర్చుండి చూచెను. “అబ్బా” అనెను. అని, పండ్లు బిగించి లేచి, వెనుకకు తిరిగి చూడక చివరి వరుసకు నడచెను.

అక్కడ కిటికీసీటున, మోకాళ్లనొప్పి ధర్మమా అని చక్రాల కుర్చీలో అందరికంటె ముందే వచ్చి, ఒక పదవీవిరమణ చేసిన ఆడిటరుగారు కొలువుదీరియుండిరి. జీవితమెల్ల ఇతరుల లెక్కలలో తప్పులు వెదకిన ఆ మహానుభావునకు సూర్యోదయము మీదను అనుమానమే.

“అయ్యా, నాది ముందు వరుస. మీరు అక్కడికి వెళ్లి హాయిగా కూర్చోండి. మీ సీటు మాకిస్తే చాలు,” అని వీరుడు చేతులు జోడించెను.

ఆడిటరుగారు కళ్లజోడు ముక్కు చివరకు దించిరి. “ఏం, ఆ కుర్చీ విరిగిందా?”

“లేదండి, కాళ్లు బార్లా చాపుకోవచ్చు.”

“పక్కన చంటిపిల్లా?”

“ఎవరూ లేరండి.”

“పైనుంచి నీళ్లు కారుతున్నాయా?”

“అయ్యో, లేదండీ! మా ఆవిడ పక్కన కూర్చుందామని, అంతే.”

“పెళ్లయి ఎన్నేళ్లయింది?”

“ఇరవై రెండు.”

“ఇరవై రెండేళ్ల తర్వాత భార్య పక్కన కూర్చోవడానికి ముందు సీటు వదులుకుంటున్నావా?” ఆడిటరుగారు కిటికీచట్రమును గట్టిగా పట్టుకొనిరి. “అయితే ఇందులో కచ్చితంగా ఏదో ఉంది. నేను కదలను.”

అంతలో జనప్రవాహముతో కొట్టుకొని భార్య అచ్చటికి చేరెను. ఆడిటరుగారు ఆమెను సాక్షిగా పిలిచిరి. “అమ్మా, ఈయన నిజంగా మీ ఆయనేనా?”

ఆమె వీరునివంక ఎగాదిగా చూచెను. చెమట, నలిగిన చొక్కా, జోడించిన చేతులు. పెదవి చివర నవ్వు మొలచెను. “ఇన్నాళ్లూ విమానం వాళ్లకి ఇచ్చానండి. ఇవాళ తిరిగొచ్చినట్టున్నారు.”

ఆడిటరుగారు పగలబడి నవ్విరి. మోకాళ్లు పట్టుకొని లేచిరి. విజయలక్ష్మి వరమాల యెత్తినది, ఇక మెడలో పడుటయే తరువాయి యనునంతలో, గగనసేవికా శిరోమణి యగు ఎయిర్‌హోస్టెసు త్రోవకడ్డముగా నిలిచెను.

“సార్, గోల్డు మెంబరుకి ఇచ్చిన సీటు వేరేవాళ్లకి ఇవ్వడానికి కుదరదు.”

“అయితే నా గోల్డు తీసేసుకోమ్మా!”

“తీసేయడానికి కూడా లేదు సార్. ఏడాదంతా ఉంటుంది.”

తపస్సు చేసి తెచ్చుకొన్న వరము వదలించుకొనుటకు మరల తపస్సు చేయవలసి వచ్చెగదా! నడుమనున్న త్రోవ కిక్కిరిసెను. సంచులు మోచేతులను తాకెను, మోచేతులు ముక్కులను తాకెను. వెనుకనుండి ఆర్తనాదములు చెలరేగెను. “ఎవరో ఒకరు కూర్చోండి బాబూ!” “వాళ్లాయన్ని వాళ్లావిడ పక్కన కూర్చోనివ్వమ్మా, నీ సొమ్మేం పోయింది?” ఆడిటరుగారు సైతము గర్జించిరి. “ఈ మోకాళ్లతో ఒకసారి లేచాక మళ్లీ ఇక్కడ కూర్చోను!”

సేవికాశిరోమణి నిట్టూర్చెను. స్వరము తగ్గించెను. “నేను వెళ్లి నీళ్ల ట్రాలీ చూసొస్తాను. వచ్చేసరికి అందరూ కూర్చుని బెల్టులు పెట్టుకుని ఉండాలి. ఎవరు ఎక్కడున్నారని నేను అడగను.”

ఆమె వెనుదిరిగినదే తడవుగా ఆడిటరుగారు ముందువరుసకు దండయాత్ర సాగించిరి. భార్య కిటికీని ఆక్రమించెను. వీరుడు నడిమిసీటున జొరబడెను. కాని యుద్ధము ముగియలేదు! త్రోవప్రక్క సీటున, జిమ్ములో పాఠములు చెప్పు కండలరాయుడొకడు అప్పుడే వచ్చి కూలబడి నిదురించుచుండెను. వాని మోచేయి రెండుసీట్ల నడుమనున్న చేతిబల్ల నంతయు కోటగోడవలె కప్పియుండెను. సూదిమొన మోపుటకైనను చోటు లేదు. వీరుడు ఊపిరి బిగబట్టి అదను కొఱకు కాచెను. విమానము పరుగెత్తెను, పైకి లేచెను, కండలరాయుడు నిద్రలో ముక్కు గోకికొనెను. అంతే! మెఱుపువలె వీరుని మోచేయి ఆ బల్లపై వాలి, రెండంగుళముల రాజ్యమును గెలిచెను. గోకిన చేయి తిరిగి వచ్చి, తడవి చూచి, ఓటమి నంగీకరించి, తన యొడిలో ఒదిగెను.

అప్పుడే ఎడమప్రక్క నుండి కేక వినబడెను. “ఏవండీ, ఆ రెక్క ఊగుతోంది! వాళ్లకి చెప్పండి!”

“ఊగాలే. ఊగకపోతేనే భయం. లిఫ్టు తాడైనా అంతే.”

“నిజంగా?”

“నిజంగా.”

ఆమె తమ ఇరువురి నడుమనున్న చేతిబల్లను పట్టి, ఒక్క ఊపున పైకెత్తి, వెనుకకు నెట్టివేసి, అతని భుజమును రెండుచేతుల వాటేసికొనెను. ఆ బల్ల పైకి లేచునని వీరునకు ఏనాడో తెలియును. లేపవలసిన అవసరమే ఇన్ని వేల మైళ్లలో ఒక్కనాడును రాలేదు.

“మీకు దూరపు చూపు అమోఘమండీ,” అనెను ఆమె, కిటికీనుండి చూపు త్రిప్పకయే. “దగ్గరిదే ఆనదు. ఇవాళ కాస్త నయం.”

ఈ విధముగా స్వర్ణపత్రధారి మంచమంత సింహాసనమును పోగొట్టుకొని, మరుగుదొడ్డి తలుపు ప్రక్కన, కాళ్లు ముడుచుకొని, కుడివైపున రెండంగుళములును ఎడమవైపున సమస్తమును జయించెను. దిక్కులారా, చప్పట్లు కొట్టుడు! మేఘములారా, తప్పుకొనుడు! ఈ గాథను చదివినవారికిని, చదువుచు నడుమ కునుకు తీసినవారికిని, ఏ విమానమెక్కినను నడిమిసీటే తగులుగాక. ఆ ప్రక్కన తమవారే కూర్చుందురుగాక.