కనిపించని గుర్తుల కమిటీ

"ఈ ప్రభుత్వంలో ఏ లైను ఎక్కడ ఆగాలో లైన్ల ఇష్టానికి వదిలే ప్రసక్తే లేదు!" అని ఆరోగ్య మంత్రిగారు విలేకరుల ముందు గర్జించారు. పక్కన నిలబడ్డ పీఏకి ఒళ్ళు పులకరించింది. అంత గొప్ప మాట అతను రాసిచ్చింది కాదు, మంత్రిగారి సొంతం.

సంగతేమిటంటే, ప్రభుత్వంలో కంప్యూటర్లు రెండు రకాలు. డాక్టర్ల దగ్గరున్న రకం, ప్రతి లైను చివరా కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడుతుంది. మందుల కౌంటర్లోనూ మంత్రిగారి ఆఫీసులోనూ ఉన్న రకానికి రెండు గుర్తులుంటే తప్ప లైను ముగిసినట్టు తెలియదు. అందుకని డాక్టరు విడివిడిగా రాసిన లైన్లు కౌంటర్లో ఒకదానికొకటి అతుక్కుని అచ్చవుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే పీఏకి భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, అమ్మ చీటీలో 'కంట్లోచుక్కలుమోకాలికినూనెకడుపులోకిమాత్ర' అనుంది. చుక్కలు మోకాలికి రాశాం, నూనె తాగించాం. ఇంకా మాత్రా, కన్నూ మిగిలాయి. ఏం చెయ్యమంటారు?"

పీఏ అత్తగారిని ఆస్పత్రిలో చేర్పించి, పరుగున మంత్రిగారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఏదో ఒక పద్ధతి ఖాయం చేసేద్దాం సార్."

"రెండు గుర్తులంటే దుబారా కదయ్యా?"

"అవి కనపడవు సార్."

"కనపడని దుబారా మరీ ప్రమాదం. పోనీ ఒకటే ఉంచితే?"

"రెండు గుర్తుల వాళ్ళు అలుగుతారేమో సార్."

"అయితే కమిటీ వేసెయ్. ఒక గుర్తు వాళ్ళూ, రెండు గుర్తుల వాళ్ళూ చెరిసగం."

కమిటీ అహోరాత్రాలు శ్రమించింది. గుర్తును స్వయంగా చూడనిదే అభిప్రాయం చెప్పడం అన్యాయమని, సముద్రం ఒడ్డున ఒక హోటల్లో బస చేసి మరీ వెతికింది. కనిపించలేదు. అది కనిపించదన్న విషయం దాంతో అధికారికంగా రుజువైంది.

పీఏ ఇక ఉండబట్టలేకపోయాడు. "సార్, మా అత్తగారి పరిస్థితి బాగాలేదు. త్వరగా తేల్చమనండి."

మంత్రిగారు చలించిపోయారు. "అయ్యో పాపం. ఆవిడ ఏ వర్గం?"

"నోట మాట లేదు సార్."

"తటస్థులన్నమాట. అలాంటి వాళ్ళే కావాలయ్యా దేశానికి."

చివరికి నివేదిక ఫైలు రానే వచ్చింది. మంత్రిగారు తమ కంప్యూటర్లో స్వహస్తాలతో తెరిచారు. అధ్యాయాలు, అభిప్రాయాలు, అసమ్మతులు, సంతకాలు అన్నీ ఒకే లైనులో అతుక్కుని, తెర కుడి అంచు దాటి ఎటో వెళ్ళిపోయాయి.

మంత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఏకవాక్య తీర్మానం! రెండు వర్గాలూ కలిసి ఏకవాక్య తీర్మానం చేశాయయ్యా! నా రాజకీయ జీవితంలో ఇంత ఐకమత్యం చూడలేదు."

"ఇంతకీ ఏ గుర్తు ఎంచుకున్నారో చదవాలి కదా సార్?"

"ఏకవాక్యాన్ని చదవరయ్యా, ఆమోదిస్తారు. అన్ని ఆస్పత్రులకూ పంపించు, ఇవాళే అమలు."

"ఎలా అమలు చెయ్యమని రాయమంటారు సార్?"

మంత్రిగారు తెరను ఆప్యాయంగా నిమిరారు. "ఇదిగో, ఇలాగే."

పీఏ ముందు చప్పట్లు కొట్టాడు. తర్వాత పంపాడు.