కొత్త షాక్ అబ్జార్బర్లతో ఊరికి ఎంత చేటు!

అయ్యా, అమ్మా! మీ దగ్గర పాత క్యాంపర్ వ్యాన్ ఉంటే దానికి కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించకండి. అరిగిపోయిన షాక్ అబ్జార్బర్లంత మేలు చేసే వస్తువు ఈ మెక్సికో దేశంలోనే లేదు. ఒళ్లు హూనం చేసుకుని మరీ చెబుతున్న మాట ఇది.

మా కొంబి వ్యాన్ నా పెళ్లినాటిది. వెనకాల మంచం, పక్కన చిన్న గ్యాస్ పొయ్యి. షాకులు పోయిన కొత్తలో అది మాకు ఎంత సేవ చేసిందని! ఉడికించిన చిక్కుడు గింజలు గిన్నెలో పెట్టి బయల్దేరితే ఊరి పొలిమేరకల్లా ముద్దయ్యేవి. గుడ్లు గిలక్కొట్టే శ్రమ లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ నన్నే తలుచుకుని తిట్టే మా అత్తగారు, బండెక్కింది మొదలు దిగేదాకా మరియమాతను తప్ప మరొకరిని తలిచేది కాదు. భక్తిని పెంచే ఇలాంటి సాధనాన్ని బుద్ధున్నవాడు మారుస్తాడా?

నేను మార్చాను. మా ఆవిడ కసీల్దా నడుము దెబ్బతింది. గురువారం గురువారం పట్నంలో ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కూర్చోలేదు, పడుకోబెట్టే తీసుకెళ్లాలి. మంచమున్న బండి ఊళ్లో మాదొక్కటే. కుదుపులు తగిలితే కాళ్లు పడిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు.

కుదుపులు లేకుండానా? మా శాన్ హసీంతోలోనా? మా ఊళ్లో ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ గుమ్మం ముందు రోడ్డు మీద సొంత స్పీడ్ బ్రేకర్ కట్టుకుంటాడు. సిమెంటు దొరక్కపోతే ఓడల్ని కట్టే లావుపాటి తాడు అడ్డంగా పరుస్తాడు. బండి ఆగితేనే కదా, కిటికీలోంచి ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలో, వేరుశనక్కాయలో అమ్మేది! రోడ్డు వేయడానికి మా ఊరికి మేస్త్రీ దొరకడు. రోడ్డుకు అడ్డం కట్టడానికి మాత్రం ఊరంతా మేస్త్రీలే.

మెకానిక్ ఫిదెన్సియో కొత్త షాకులు బిగించిన వారం, కసీల్దా దారిపొడుగునా నిద్రపోయింది. ఎన్నాళ్లకో చూశాను ఆ నిద్ర. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ ఆనందంలో నేను స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆగడం మానేశాను. ఊరు దీన్ని క్షమిస్తుందా? తమాలెలమ్మే ఎర్మెలిందా మర్నాడే మా గుమ్మంలో నిలబడింది.

"ఏం అన్నా, ఆగకుండా పోతున్నావ్? నా తమాలెలు చేదెక్కాయా?"

"కుదుపు తెలియలేదమ్మా. ఆగడం దేనికి?"

"తెలియలేదా? అయితే రోడ్డు మీద నేను కట్టిన కట్ట అరిగిపోయినట్టే. రేపే ఎత్తు చేయిస్తాలే."

"వద్దు తల్లీ, లోపల మా ఆవిడ పడుకుని ఉంటుంది."

"అందుకే కదా చెప్తున్నా! నువ్వు మెల్లగా పోతే వదినకే మంచిది."

అన్నంత పనీ చేసింది. ఆమె కట్ట పెరిగాక పక్కింటివాళ్లు ఊరుకుంటారా? వాళ్లదీ పెరిగింది. ఎదురింటివాళ్లకు పౌరుషం వచ్చింది. చివరకు మేయరుగారు బ్యాండుమేళంతో వచ్చి, అన్నిటికీ పసుపు రంగు వేయించి, రిబ్బను కత్తిరించి, రోడ్ల అభివృద్ధి పూర్తయిందని ఉపన్యాసం ఇచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు ఆ కట్టలు వ్యాన్ పొట్టకు తగులుతున్నాయి. బరువు తగ్గితే తప్ప దాటదు. అందుకని కట్ట కట్టకూ ఆపుతాను. కసీల్దా దిగి, నడుం పట్టుకుని నడిచి దాటుతుంది. ఆమె వెనకాలే ఖాళీ బండి నెమ్మదిగా ఎక్కి దిగుతుంది. లోపల గ్లాసులో నీళ్లు కూడా తొణకవు.

మొన్న గురువారం ఎర్మెలిందా పరుగున వచ్చి ఆమెకు చెయ్యి అందించింది. పాపం, మనిషి మంచిదే. వేడివేడి తమాలె కూడా చేతిలో పెట్టింది.

"చూశావా అన్నా, ఇప్పుడెంత బుద్ధిగా ఆగుతున్నావో!" అంది.

అందుకే చెబుతున్నాను, షాక్ అబ్జార్బర్లు మార్చకండి. మీ బండి సుఖపడితే ఊరు చూసి ఓర్వలేదు.

ఆ గురువారమే కసీల్దా కట్ట దాటి, మళ్లీ ఎక్కబోయి వ్యాన్ తలుపు పట్టుకుని నిలబడింది. ఎడమకాలు తిమ్మిరెక్కిందట, ఎత్తలేకపోయింది.

"ఆ కొత్త షాకులు ఊడదీసి నా నడుముకి బిగించవయ్యా," అంది. "ఈ ఊళ్లో తిరిగేది నేను. బండి కాదు."