కుడిపాద దిగ్విజయం

పినాకినీ నది సముద్రుణ్ణి చేరబోతూ ఒళ్ళు విరుచుకునే నెల్లూరుసీమలో, ఉప్పుగాలి తాటాకుల మీద ఖడ్గవిన్యాసం సలిపే కార్తీకమాస ప్రాతఃకాలంలో, ప్రచండ విద్యుద్రథారూఢుడై, నూతనవాహనగర్వ దుర్నిరీక్ష్యుడై, నరేంద్రబాబు అనే మహావీరుడు అత్తగారి వాకిట అవతరించాడు. ఆ వీరుడు నేనే. కనుక అతణ్ణి పొగిడే హక్కూ, ఎగతాళి చేసే హక్కూ రెండూ నావే.

అత్తగారు ఆదిశేషమ్మ. మామగారు పోయాక వరిమడినీ, కూలీలనూ, కాలవనీళ్ళ తగాదాలనూ ఒంటిచేత్తో ఏలిన ధీర. ఆ ధీరకు లోకంలో ఒక్కటే శత్రువు, ప్రయాణం. చక్రాలున్నది ఏదెక్కినా ఊరు దాటకముందే ఆమె కడుపులో సముద్రమథనం మొదలయ్యేది. చిన్నకూతురు వినీల కృష్ణపట్నం రేవులో ఉద్యోగానికి కుదిరి అక్కడే కాపురం పెట్టింది. ఆ ఇల్లు చూడాలని ఆదిశేషమ్మ ఒకసారి బస్సెక్కి, ముత్తుకూరులో వాంతులతో దిగిపోయి, ఏడుస్తూ వెనక్కి వచ్చింది. ఆ ఇంటి గడప ఆమె ఇంతవరకు తొక్కలేదు.

వీరుడు రథద్వారం మీద, అనగా కొత్త కరెంటు కారు తలుపు మీద, చేయి వేసి గంభీరంగా పలికాడు. "అత్తమ్మా, ఇది ధూమరహితం, శబ్దరహితం, కంపరహితం. ఇందులో ఆసీనులైన మీకు భూమి కదిలిన సంగతి కూడా తెలియదు. మీ ఉదరశాంతికి నాది పూచీ."

"అల్లుడు ఏమంటా ఉండాడే?" అని ఆదిశేషమ్మ పెద్దకూతుర్ని అడిగింది.

"కడుపులో తిప్పదంట. ఎక్కమంటా ఉండాడు" అంది కామాక్షి. ఆమె వీరపత్ని. ఆ భాషకు అలవాటు పడిన మనిషి.

ముగ్గురూ ఎక్కాక వీరుడు మీట నొక్కాడు. చప్పుడు లేదు. బండి ఇంకా మేలుకోలేదనుకుని మళ్ళీ నొక్కాడు. మేలుకున్న బండి కాస్తా నిద్రపోయింది. మూడో ప్రయత్నంలో కుడిపాదాన్ని బలంగా మోపగా, ఆ మహారథం ధనుర్విముక్త శరంలా దూసుకుపోయి ముగ్గురి తలలనూ వెనక్కి కొట్టింది. బెదిరి పాదం ఎత్తగా, ఠక్కున వేగం తగ్గి ముగ్గుర్నీ ముందుకు విసిరింది. పాదం ఎత్తితే బండి తనంతట తనే నెమ్మదించి, ఆ ఊపును కరెంటుగా మార్చుకుంటుందని షోరూములో చెప్పారు. అప్పుడు వీరుడు తల ఊపాడు గానీ, మనసంతా సీట్ల తోలు మీదే ఉంది.

దూకుతూ, ఆగుతూ, దూకుతూ ఉప్పుమళ్ళ దాకా వచ్చేసరికి ఆదిశేషమ్మ ముఖం పాలిపోయింది. ఆపమని సైగ చేసి దిగి, గట్టు మీద కూర్చుంది.

వీరుడు బండిలో మీటలన్నీ ఇమిడి ఉన్న తెర మీద సమరం ప్రకటించాడు. ఆ కుదుపు తగ్గించే మీట కోసం వేలితో వెతుకుతుంటే ముందు పైకప్పు తెరుచుకుంది, తరువాత సీటు అతని నడుము పిసకసాగింది. నడుము పిసికించుకుంటూనే అతను పోరాడుతుండగా, గట్టు మీది నుంచి ఆదిశేషమ్మ మెల్లగా అంది.

"నేను ఆటో ఎక్కి ఇంటికి పోతా నాయనా. మీరు పోయి రండి. ఈసారి కూడా కుదర్లేదని వినీలకు చెప్పండి."

ఆ మాట వీరుడి గర్వకవచాన్ని చీల్చుకుని లోపలికి దిగింది. తన పూచీ గుర్తుకొచ్చి తల వంచుకున్నాడు. ఇంకొక్కసారి ఎక్కమని, ఈసారి ప్రతిజ్ఞలేవీ చేయకుండా, బతిమాలాడు. ఆదిశేషమ్మ మళ్ళీ ఎక్కింది.

"కాలు ఒక్కసారిగా ఎత్తబాకండి" అంది కామాక్షి. "ముందు వడ్ల ట్రాక్టరు పోతా ఉండాది గదా, దాని వెనకే పోండి."

అప్పుడు జరిగింది అసలు సంగ్రామం. అశ్వశతబలాన్ని అణచిపెట్టి, వెంట్రుకవాసి చొప్పున పాదం మోపుతూ, వెంట్రుకవాసి చొప్పున ఎత్తుతూ, వీరుడు ట్రాక్టరును అనుసరించాడు. బొగ్గులారీలు గర్జిస్తూ దాటిపోయాయి. రొయ్యలగుంటకు మేత తీసుకుపోతున్న మోపెడ్ దాటిపోయింది. మోటారుసైకిల్ మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు అద్దం పక్కకు వచ్చి, "చార్జింగ్ అయిపోయిందా అన్నా" అని అడిగారు. వీరుడి చెవులు ఎర్రబడ్డాయి, కుడిపాదం దురద పెట్టింది. ఒక్క నొక్కుతో వాళ్ళను ధూళిలో కలపగలడు. అద్దంలో అత్తగారి కళ్ళు మూసుకుని ఉన్నాయి. పాదం కదలలేదు.

కృష్ణపట్నంలో బండి ఆగగానే వినీల గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, తల్లిని చూసి తనే రథద్వారం తెరిచింది. ఆదిశేషమ్మ దిగి, కాసేపు ఆ ఇంటిని తేరిపార చూసింది. తరువాత చిన్నకూతురి చేయి పట్టుకుని గడప దాటుతూ అడిగింది.

"ఏం వండినావే? ఆకలేస్తా ఉండాది."

దిక్కులారా, వినండి! దిక్పాలకులారా, రాసుకోండి! ఇంద్రాదులు ఇంతవరకు సాధించలేనిది సాధ్యమైంది. ఉప్పుమళ్ళ నుంచి కృష్ణపట్నం దాకా ఒక్క వాహనాన్నైనా దాటకుండా, మోపెడ్ చేత సైతం ఓడించబడి, సకలజన పరిహాసపాత్రుడై, నరేంద్రబాబు అత్తగారికి ఆకలి పుట్టించాడు.